ఒక్క గెలుపైనను లేని లీగు

స్కాట్లండులో, లోమండు సరస్సునుండి వెడలు లెవెన్ నది లోయలో, అద్దకపు కర్మాగారముల నడుమ పెరిగిన ఫుట్‌బాలు జట్టు వేల్ ఆఫ్ లెవెన్. 1877, 1878, 1879 సంవత్సరములలో వరుసగా స్కాటిష్ కప్పును గెలిచిన కీర్తి దానిది.

అట్టి జట్టే 1891-92 లీగులో 22 ఆటలాడి ఒక్కటియు గెలువలేదు. 17 ఓడెను; 5 సమముగా ముగిసెను. తాను చేసిన గోలులు 24, ఎదుటివారు చేసినవి 100.

కారణమేమి? ఆటగాండ్రకు జీతమిచ్చుటను ఇంగ్లండు 1885లోనే అంగీకరించెను. స్కాట్లండులో 1893 వరకు అది నిషిద్ధము. అందుచే నేర్పరులనేకులు దక్షిణమునకు తరలిపోయిరి. కప్పుకు కొలదిపాటి ఆటలలో ప్రతాపము చూపిన చాలును. 1890లో ఆరంభమైన లీగు ఋతువు పొడవునను తరుగని బలమును కోరును. చిన్న యూరికి అది దుర్భరమయ్యెను. 1892లో ఆ జట్టు లీగునుండి తొలగెను.

ఆ పట్టికలోని సున్నను చూచువారు మూడు కప్పులను గూడ స్మరింపవలెను.