మన పట్టణములకు ట్రాంబండ్లు



వాల్మీకిమహర్షి బాలకాండమున అయోధ్యను వర్ణించుచు, కోటద్వారములను, మేడలను చెప్పుటకు ముందే రాజమార్గమును చెప్పెను. నిత్యము నీరు చల్లి పూలు పఱచిన విశాలమైన వీథి యది. నగరమునకు శోభ ముందుగా మార్గమువలననే కలుగునని ఆ ఋషి యెఱుగును. మన పట్టణములలో నేడు వీథి యెవరిది? కార్లది, మోటారుసైకిళ్ళది. బిడ్డను చంకనెత్తుకొని, కూరగాయల సంచి మోయుచు నడచు స్త్రీకి అందు చోటెక్కడ? ఈ ప్రశ్నకు ట్రాంబండి యొక మంచి సమాధానమని నా యభిప్రాయము.

ట్రాము మనకు క్రొత్త కాదు. చెన్నపట్టణమున 1895 మే నెలలోనే విద్యుచ్ఛక్తిచే నడచు ట్రాంబండ్లు వెలసినవి. భారతదేశమున అట్టివానిలో అవియే మొదటివి. చదువులకును, కచ్చేరీపనులకును అచ్చటికి పోయిన మన పెద్దలనేకులు వాని నెక్కినవారే. 1953 ఏప్రిలులో అవి నిలిచిపోయినవి. ఢిల్లీలో 1963లోను, బొంబాయిలో 1964లోను ట్రాములు అంతరించెను. కలకత్తాలో 1873లో గుఱ్ఱపు ట్రాములుగా మొదలై, 1902 నుండి విద్యుత్తుతో నడచినవి మాత్రము మిగిలెను. అచ్చటను ఒక చిన్నమార్గమును జ్ఞాపకార్థముగా నుంచి, తక్కినవానిని ఎత్తివేయుదుమని 2024లో ప్రభుత్వమువారు ప్రకటించిరి.

ఇందఱు విడిచినదానిని మరల కోరుట యేల యని మీరడుగవచ్చును. విడిచిన పిమ్మట మరల తెచ్చుకొన్నవారి చరిత్ర వినుడు. ఫ్రాన్సుదేశమువారును తమ నగరములలోని ట్రాముపట్టాలను దాదాపు అన్నిచోట్లను పెఱికివేసిరి. 1985లో నాంట్ నగరమున ట్రాము తిరిగి వచ్చెను. 1987లో గ్రెనోబుల్ నగరమువారు, అంగవైకల్యము గలవారి విన్నపమును మన్నించి, లోపలి నేల తగ్గుగానుండి గుమ్మమునొద్ద మెట్లులేని బండ్లను నడపిరి. స్ట్రాస్‌బర్గు కథ మఱింత వినదగినది. భూగర్భమున రైలుమార్గము త్రవ్వవలెనా, వీథిమీదనే ట్రాము వేయవలెనా యను వివాదము 1989 నాటి పురపాలక ఎన్నికలలో ముఖ్యవిషయమయ్యెను. ట్రాము పక్షమున నిలిచిన కాథరిన్ ట్రాట్మన్ అను వనిత గెలిచి నగరాధ్యక్షురాలాయెను. 1994 నవంబరులో ట్రాము నడచెను. నగరము నడిబొడ్డున నున్న క్లేబరు చౌకమునుండి కార్ల రాకపోకలు తొలగెను. 2017లో ఆ పట్టాలు రైన్ నదిని దాటి జర్మనీలోని కేల్ పట్టణమును చేరినవి.

ఈ బండి స్త్రీలకు విశేషముగా నెట్లు పనికివచ్చును? పురుషుల ప్రయాణము చాలవఱకు ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి. మనది అట్లు కాదు. బడి, అంగడి, ఆసుపత్రి, పుట్టిల్లు – ఒక్కదినమున నాలుగు మజిలీలు. దూరము స్వల్పము, ఎక్కుట దిగుట అధికము. హైదరాబాదున 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రోరైలు దూరప్రయాణములకు మేలైనదే. కాని రెండు మజిలీల దూరమునకై అంత యెత్తునకు పోయి మరల దిగుట, పైకెక్కించు యంత్రములున్నను, వృద్ధులకును గర్భిణులకును శ్రమయే. ట్రాము మన కాలిబాట ప్రక్కనే నిలుచును. గుమ్మము దాటినంత సులువుగా లోనికి పోవచ్చును.

తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండియు స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో ఉచితప్రయాణ మేర్పడినది. చేత కాసులేక ఇల్లు కదలని స్త్రీ దీనివలన కదలగలుగుచున్నది. ఇది గొప్ప మేలు. కాని టిక్కెట్టు అక్కఱలేనంతమాత్రమున బస్సులో చోటు పెరుగదు. నలువది మీటర్ల నిడివిగల ట్రాములో ఒక్క చోదకునితోనే రెండువందలమందికి పైగా పోవచ్చును. ఇనుపచక్రము ఇనుపపట్టాపై దొరలునపుడు రాపిడి తక్కువ గనుక విద్యుత్తును తక్కువగానే పట్టును. వీథిలో పొగ యుండదు. పట్టాలనడుమ పచ్చిక పెంచిన నగరములును కలవు.

ఇది మహానగరములకే యనుకొనరాదు. జర్మనీలోని కార్ల్స్‌రూ నగరమువారు 1992లో ట్రామును పెద్దరైలు పట్టాలమీదికి కూడ ఎక్కించి, బ్రెట్టెన్ అను చిన్నపట్టణమువఱకు నడపిరి. నగరవీథిలో 750 వోల్టులతోను, రైలుమార్గమున 15,000 వోల్టులతోను నడచునట్లు ఆ బండ్లను నిర్మించిరి. పల్లెలో ఎక్కినవారు స్టేషనులో బండి మాఱకయే అంగడివీథిలో దిగగలిగిరి. ప్రయాణికుల సంఖ్య పలురెట్లు పెరిగెను.

మన విజయవాడ, గుంటూరు, తెనాలి పట్టణములను చూడుడు. మూడింటిని కలుపుచు రైలుపట్టాలున్నవి. కాని స్టేషనులో దిగిన యువతి కళాశాలకు పోవుటకు మరల ఆటోవానితో బేరమాడవలసినదే. మన ప్రధానమార్గము ఎక్స్‌ప్రెస్సులతోను, సరకుబండ్లతోను క్రిక్కిరిసి యుండుటచే కార్ల్స్‌రూ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుట కష్టము. అయినను స్టేషను వాకిటనుండి బడి, ఆసుపత్రి, అంగడులమీదుగా వీథిట్రాములు వేసి, రైళ్ళవేళలతో వానివేళలను జతపఱచిన చాలును. ఫలమందు చాలభాగము చేకూరును.

ఇందు లోపములు లేవని నేననను. పట్టాలకు మొదట ధనము ఎక్కువగా కావలెను. త్రోవలో నొకబండి చెడిన వెనుకబండి ప్రక్కకు తప్పుకొని పోలేదు. అయినను వంతెనలమీద నడచు మెట్రోకంటె ఖర్చు మిక్కిలి తక్కువ. 2019లో కేంద్రప్రభుత్వము ‘మెట్రోలైట్’ అను పేర చిన్నపట్టణములకు తగిన తేలికరైలు ప్రమాణములను ప్రకటించినది. రద్దీవేళ గంటకు ఒకవైపు పదునైదువేలమందికి మించని మార్గములకు ఇది యుద్దేశింపబడినది.

అన్నిటికంటె ముఖ్యము దారి. కలకత్తాలో పట్టాలకు ప్రత్యేకముగా నున్న జాగాను పలుచోట్ల మోటారుబండ్లకు విడిచిరి. ట్రాము వానినడుమ చిక్కుకొని నత్తనడక నడచెను. పిమ్మట ట్రామే వీథికి అడ్డమని నింద మోపిరి. రథోత్సవమునాడు రథమునకు ఊరెల్ల త్రోవ విడుచును గదా! రెండువందలమందిని మోయు బండికి దినదినము అట్టి త్రోవ విడుచుట న్యాయము కాదా? ఆ త్రోవ విడువని ఊరికి ట్రాము వలదని నేనే చెప్పుదును.

పోక లేనిచోట స్త్రీ మొదట విడుచునది తన పనినే. కళాశాల దూరమని చదువు మానిన బాలికలు, వేళకు బండి దొరకదని కొలువు విడిచిన తల్లులు, తోడు లేదని వైద్యుని చూడక నొప్పి నోర్చు అవ్వలు మన వీథివీథిని కలరు. రోడ్లు వెడల్పు చేసితిమని చెప్పుకొనుచు ఓట్లకై మన వాకిటికి వచ్చువారిని ఇకమీద ఒక్కమాట అడుగుదము: “అయ్యా, ఆ వెడల్పులో మా బండికి ఎన్ని గజములు?”