ధూళి ప్లాస్మాలో అయస్కాంత క్షేత్ర నిర్మాణం: గురుత్వాకర్షణ, భ్రమణాల పాత్ర

1. ప్రవేశిక

నక్షత్రాలు పుట్టే మేఘాలలో ధూళి, వాయు ద్రవ్యరాశిలో సుమారు నూరోవంతు మాత్రమే. అయినా అక్కడ నక్షత్రంతో పాటు గ్రహాలు కూడా రూపొందుతాయా, లేదా అన్నది చాలావరకు ఈ ధూళిపై ఆధారపడి ఉంటుంది. అది ఎలాగో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

2. గురుత్వాకర్షణ: డమరుకాకృతి

మేఘంలో అతి స్వల్ప భాగమే విద్యుదావేశం పొంది ఉంటుంది. ఆ కణాలు తటస్థ కణాలను నిరంతరం ఢీకొంటుండడం వల్ల వాయువంతా అయస్కాంత బలరేఖలతో ముడిపడి ఉంటుంది. గురుత్వాకర్షణకు లోనై మేఘం కుంచించుకుపోయేటప్పుడు బలరేఖలు కూడా కేంద్రం వైపు లాగబడి, డమరుకం వలె నడుమ సన్నబడతాయి. పెర్సియస్ నక్షత్రమండలంలోని ఎన్‌జీసీ 1333 ఐరాస్ 4ఎ అనే శిశునక్షత్ర వ్యవస్థలో ఈ ఆకృతి కనిపించిందని 2006లో వెల్లడైంది. హవాయిలోని మౌనా కీ పర్వతంపై ఉన్న సబ్‌మిల్లీమీటర్ అర్రే దానిని గుర్తించింది. ధూళి రేణువుల పొడవైన అక్షం బలరేఖలకు అడ్డంగా అమరుతుంది. అందువల్ల అవి వెలువరించే వికిరణం ధ్రువణం చెందుతుంది. ధ్రువణ దిశకు లంబదిశే క్షేత్రదిశ.

3. భ్రమణం: మెలిపడిన రేఖలు

కుంచించుకుపోయే కొద్దీ మేఘపు కేంద్రభాగం వేగంగా తిరుగుతుంది. వెలుపలి భాగం వెనుకబడుతుంది. రెండింటినీ కలిపే బలరేఖలు తాడు పేనినట్లు మెలిపడతాయి. ఆ మెలికలోని బిగువు కేంద్ర భ్రమణాన్ని అడ్డగించి, కోణీయ ద్రవ్యవేగాన్ని వెలుపలికి తరలిస్తుంది. ఇదే అయస్కాంత నిరోధం. వాయువును పరిపూర్ణ విద్యుద్వాహకంగా భావించి, బలమైన క్షేత్రాన్ని భ్రమణాక్షానికి సమాంతరంగా తీసుకున్న గణన నమూనాలలో నక్షత్రం చుట్టూ పళ్లెం వంటి పెద్ద చక్రం ఏర్పడదు. చక్రం లేనిదే గ్రహాలకు ఆధారం లేదు. కాని 2014లో చిలీలోని ఆల్మా దూరదర్శిని హెచ్‌ఎల్ టారి నక్షత్రం చుట్టూ వలయాలతో కూడిన విశాలమైన చక్రాన్ని స్పష్టంగా చిత్రించింది. ఈ వైరుధ్యానికి సమాధానం ఏమిటి?

4. ధూళి: సడలిన ముడి

సాంద్రమైన అంతర్భాగంలో ఎలక్ట్రాన్లు, అయాన్లు ధూళి రేణువులకు అంటుకొని, వాటి ఉపరితలంపై పరస్పరం కలిసి తటస్థమవుతాయి. స్వేచ్ఛావేశాలు తగ్గడంతో విద్యుద్వాహకత క్షీణిస్తుంది. వాయువు బలరేఖల పట్టునుండి జారిపోతుంది. నిరోధం బలహీనపడి చక్రం నిలిచే అవకాశం కలుగుతుంది. ఆవేశాలు గ్రహించే ఉపరితలం రేణువుల పరిమాణాన్ని బట్టి మారుతుంది కనుక, అవి ఒకదానికొకటి అతుక్కొని పెరిగే కొద్దీ ఈ సడలింపు స్థాయి కూడా మారుతుంది.

5. ఉపసంహారం

గురుత్వాకర్షణ బలరేఖలను లోపలికి వంచుతుంది. భ్రమణం వాటిని మెలిపెడుతుంది. ధూళి ఆ బంధాన్ని సడలిస్తుంది. క్షేత్రాన్ని మనకు చూపే ధూళే దాని పట్టును తగ్గిస్తున్నది. కనుక గ్రహ జననాన్ని వివరించే నమూనాలు గురుత్వాకర్షణ, భ్రమణాలతో పాటు ధూళి రేణువుల పరిమాణాన్ని కూడా పరిగణించవలసి ఉంటుంది.