గోదావరిని చూచిన కన్నులు

కన్నులున్నంత మాత్రమున చూపు కలుగదు. శ్రావణమాసమున రాజమహేంద్రవరపు రేవులలో వందలాది జనులు నిలిచి వరద గోదావరిని చూతురు. “నీరు ఎఱ్ఱబడినది” అనుకొని ఇండ్లకు మరలుదురు. ఆ ఎఱుపు ఎచ్చటినుండి వచ్చినది? అది ఎట్టి ఎఱుపు? మొదటి ప్రశ్న శాస్త్రజ్ఞునిది, రెండవది చిత్రకారునిది.

వరదనీరు ఎగువ నేలలను కోసి సన్నని ఒండ్రును మోసికొనివచ్చును. సముద్రము సమీపించుకొలది వాలు తగ్గి, వేగము మందగించి, ఆ ఒండ్రు అడుగునకు దిగును. వేలయేండ్లుగా ఇట్లు దిగిన మన్నే కోనసీమ. ఈ సంగతి నెఱిగినవానికి ఎఱ్ఱనీరు మురికి కాదు, పుట్టబోవు పొలము.

1833 ప్రాంతమున ఈ సీమను ఘోరక్షామము పీడించెను. మహానది ప్రక్కనే ప్రవహించుచుండగా జనులు ఆకలితో మరణించిరి. పలువురు దానిని విధి యనుకొనిరి. ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు నేల ఎత్తుపల్లములను, నది వాలును కొలిపించి, నీటి నెత్తినచో పొలములకు పారునని గ్రహించెను. లోతు తెలియని ఇసుకపై కట్టడమును నిలుపు ఉపాయమును కావేరిపై ప్రాచీనులు కట్టిన కల్లణైనుండి నేర్చెను. 1847లో ధవళేశ్వరమున ఆరంభమైన ఆనకట్ట 1852లో ముగిసెను. నేడు అచ్చట ఆయన పేరనే నూతన బ్యారేజి నిలిచియున్నది.

అదే తీరమున 1897లో దామెర్ల రామారావు జన్మించెను. స్థానిక కళాశాలకు అధ్యక్షుడును, స్వయముగా చిత్రకారుడును అగు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలుని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. బొంబాయిలోని జె.జె. కళాశాలలో శిక్షణ పొంది మరలివచ్చిన రామారావు తన ఊరి స్త్రీల నిలుకడను, వస్త్రముల మడతలను, నదీతీరపు వెలుగును రేఖలలోను, రంగులలోను నిలిపెను. అనుదినము కనబడు దృశ్యములందలి సొగసును ఆయన పటములలో చూచిన పిమ్మట జనులు తమ వీథులలోను చూడగలిగిరి. రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి ఇతరులకును ఆ చూపు నేర్పెను.

1925లో, 28 ఏండ్లు నిండకుండగనే, మశూచికము ఆయనను బలిగొనెను. ఆ వ్యాధిని జయించినదియు చూపే. పాలు పితుకు స్త్రీలకు ఒకసారి గోమశూచికము సోకినచో మశూచికము రాదను పల్లెజనుల మాటను ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నరు పెడచెవిని పెట్టక, 1796లో పరీక్షించెను. ఆ టీకా దేశదేశములకు వ్యాపించి, 1980 నాటికి మశూచికము లోకమునుండి తొలగిపోయెను. ఆ విజయము రామారావునకు అందలేదు.

అనుదినము కొబ్బరిమట్టను చూచు బాలుడు దానిని గీయబూనినపుడే, ఆకులు ఈనెకు ఎట్లు అతికియున్నవో తనకు తెలియదని గుర్తించును. అవి అట్లేల ఉన్నవని అడిగిన నాడు శాస్త్రము మొదలగును. చేతి కుంచెయు, చేతి కొలబద్దయు ఒక్కటే బోధించును: తెలిసినదనుకొన్న వస్తువును మరల చూడవలెను.