హిమగర్భంలో అర్ధశతాబ్ది

ఆకాశయానం ఆరంభమైన నాటినుండి అదృశ్యమైన విమానాలు అనేకం కలవు. వానిలో 'స్టార్ డస్ట్' కథ మిక్కిలి విచిత్రమైనది. ఆ పేరునకు నక్షత్రధూళి అని అర్థం. పేరునకు తగినట్లే అది ధూళియై గాలిలో కలిసిపోయినదా అని లోకం ఏబది సంవత్సరాలు విస్తుపోయినది.

1947 ఆగస్టు 2వ తేదీన ఈ బ్రిటిష్ విమానం అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ నుండి చిలీ రాజధాని శాంటియాగోకు బయలుదేరినది. ప్రయాణికులు ఆరుగురు, సిబ్బంది ఐదుగురు. నడుమ ఆకాశాన్నంటే ఆండీస్ పర్వతశ్రేణి. సాయంకాలం 5 గంటల 41 నిమిషాలకు విమానం నుండి మోర్సు సంకేతాలలో ఒక వార్త వచ్చినది: 5-45కు శాంటియాగో చేరుచున్నాము. దాని చివర 'స్టెండెక్' అను మాట! శాంటియాగోలోని ఆపరేటరు అర్థం గాక మరల అడిగినాడు. మరి రెండు పర్యాయాలు అదే మాట వినవచ్చినది. అటుపిమ్మట అంతా నిశ్శబ్దం.

ఎంత వెదకినా ఆచూకీ దొరకలేదు. తెలియనిచోట కల్పన మొలకెత్తడం లోకసహజం గదా! ఎవరో కుట్ర పన్ని కూల్చినారని కొందరు, అన్యగ్రహవాసులు ఎత్తుకొనిపోయినారని కొందరు కథలల్లినారు.

1998లో టుపుంగాటో పర్వతంమీది హిమానీనదంపై ఇద్దరు అర్జెంటీనా పర్వతారోహకులకు ఒక రోల్స్ రాయిస్ ఇంజను, వస్త్రశకలాలు కనబడినవి. 2000లో సైనికులు వెళ్లి మృతుల అవశేషాలను తెచ్చినారు. గాలి నిండియున్న చక్రమొకటి కూడ అచ్చట లభించినది! అది శాంటియాగోకు ఇంకను 80 కిలోమీటర్ల దూరంలోని తావు.

మరి చేరుచున్నామని ఎట్లు చెప్పగలిగినారు? మిక్కిలి ఎత్తున పడమటినుండి తూర్పునకు మహావేగంతో వీచే వాయుధార ఒకటి కలదు. 'జెట్ స్ట్రీమ్' అను ఆ ధారనుగూర్చి నాటి వైమానికులకు తెలిసినది స్వల్పం. ఎదురుగాలి విమానాన్ని వెనుకకు నెట్టుచుండగా, మేఘాలు క్రింది నేలను కప్పివేసినవి. గడిచిన కాలాన్నిబట్టి పర్వతాలను దాటితిమని తలచి వారు క్రిందికి దిగి, కొండను ఢీకొన్నారని పరిశోధకుల నిర్ణయం. మంచు ఆ శిథిలాలను మ్రింగినది. కాలక్రమాన మంచు గట్టిపడి హిమానీనదంలో కలిసినది. ఆ నది మెల్లమెల్లగా క్రిందికి జారి, కరిగినచోట వానిని మరల వెలికి తెచ్చినది.

ఆ విమానచోదకుడు రెజినాల్డ్ కుక్ దోషి కాడని 2000లో అర్జెంటీనా వైమానిక దళం తేల్చినది. మరణించిన ఏబదిమూడేండ్లకు ఆయనకు దక్కిన న్యాయమిది.

'స్టెండెక్' మాత్రం నేటికిని చిక్కుముడియే. ఆంగ్లంలో దిగుట అను అర్థమిచ్చు 'డిసెంట్' పదంలోని ఏడక్షరాలే తారుమారైనవని ఒక ఊహ. కాని మూడు పర్యాయాలును ఒకే తీరున తారుమారగునా?

విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి ఇందున్నది. కట్టుకథ తక్షణమే సమాధానం చెప్పును. సత్యం తన సమయానికిగాని బయటపడదు. అంతవరకు 'తెలియదు' అనుటకు సిగ్గుపడనక్కరలేదు.