మీకు తెలుసా? కేబుల్ ఒకటే, రాకపోకలు రెండువైపులా

డిష్ పట్టిన సిగ్నల్‌ను కిందికి తెచ్చే కేబులే, అదే సమయంలో పైన డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే పరికరానికి, అంటే ఎల్‌ఎన్‌బీకి, కరెంటునూ, ఏ తరంగాలు అందుకోవాలన్న ఆజ్ఞనూ మోసుకెళ్తుంది. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీకి రిసీవర్ 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు వస్తాయి. 22 కిలోహెర్ట్జ్ టోన్ కూడా కలిపితే ఎగువ బ్యాండ్‌కు మారుతుంది. ఎంత పొదుపైన ఏర్పాటో!

దిగే సిగ్నల్ కూడా ఉన్నదున్నట్టు రాదు. డిష్ అందుకునే అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ మామూలు కేబుల్‌లో త్వరగా నీరసిస్తుంది కాబట్టి, ఎల్‌ఎన్‌బీ దాన్ని ముందే తగ్గిస్తుంది: 11,000 మెగాహెర్ట్జ్‌లోంచి 9,750 పోగా కేబుల్‌లోకి వచ్చేది 1,250. ఎగువ బ్యాండ్‌లో తీసేసేది 10,600.

శాటిలైట్ ఇంటర్నెట్ కోసం కంప్యూటర్‌లో డీవీబీ కార్డు (శాటిలైట్ సిగ్నల్ అందుకునే కార్డు) పెట్టుకున్నవారు సెటప్‌లో ఎల్‌ఎన్‌బీ కోసం నింపాల్సింది ఈ 9,750, 10,600 అంకెలే, వాటితోపాటు బ్యాండ్ మారే చోటు 11,700. అవి తప్పితే, డిష్ ఎంత గురిగా ఉన్నా కార్డు వేరేచోట వెతుకుతుంది. కాబట్టి డిష్ తిప్పేముందు ఈ అంకెల కోసం ఎల్‌ఎన్‌బీ మీది లేబుల్ చదవండి. అడ్డ తరంగాలు మాత్రమే అందకపోతే కేబుల్‌నూ, కనెక్టర్లనూ చూడండి. 18 వోల్టులు పైకి చేరేసరికి బాగా తగ్గిపోతూ ఉండవచ్చు.