చానింగు సోదరులు – ఈథరు పరీక్ష

అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రమున న్యూపోర్టు అను రేవు పట్టణము కలదు. అచట పుట్టిన ముగ్గురు సోదరులు మూడు మార్గములలో ప్రసిద్ధి కెక్కిరి. వారిలో పెద్దవాడు విలియం ఎల్లరీ చానింగు (1780–1842). ఇతడు మతబోధకుడు, బానిసత్వమును ఖండించుచు 1835లో ఒక గ్రంథమును ప్రకటించెను. చిన్నవాడు ఎడ్వర్డు (1790–1856). ఇతడు 1819 నుండి 1851 వరకు హార్వర్డులో రచనను, వక్తృత్వమును బోధించెను. ఎమర్సను, థోరో ఇతని శిష్యులే. నడిమివాడగు వాల్టరు (1786–1876) ప్రసూతి వైద్యుడు. ఇతని కృషిని కొంచెము వివరముగా తెలిసికొందము.

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరమున మోర్టను అను దంతవైద్యుడు ఒక రోగిచే ఈథరు ఆవిరిని పీల్పించెను. అప్పుడు వారెన్ అను శస్త్రవైద్యుడు అతని మెడమీది కంతికి శస్త్రచికిత్స చేసెను. మరుసటి జనవరిలో ఎడిన్‌బరోలో సింప్సన్ ప్రసవ సమయమున ఈథరును వాడెను.

ఈథరు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును. దాని ఆవిరిని పీల్చినచో అది ఊపిరితిత్తులనుండి రక్తములో కలసి, మెదడును చేరి, స్పృహను మందగింపజేయును. మరి ప్రసవించు తల్లికి దీనిని ఈయవచ్చునా? గర్భాశయపు సంకోచములు ఆగిపోవునేమో! శిశువునకు హాని కలుగునేమో! ప్రసవవేదన ప్రకృతి సిద్ధము, దానిని తొలగింపరాదని వాదించిన వైద్యులును ఉండిరి.

వాల్టరు వాదముతో తృప్తి పడలేదు. తన అనుభవమునకు ఇతర వైద్యుల అనుభవములను జతచేసి, 581 ప్రసవముల వివరములతో 1848లో ఒక గ్రంథమును ప్రచురించెను. ఈథరు ఇచ్చినను సంకోచములు సాధారణముగా సాగుచునే యుండునని ఆ వివరములు చూపెను.

అయితే ఒకచోట అతడు పొరబడెను. కోసిన బొడ్డుతాడును వాసన చూచి, ఈథరు వాసన లేకపోవుటచే అది శిశువును చేరదని తలచెను. లండను వైద్యుడు జాన్ స్నో శిశువుల ఊపిరినే పరీక్షించి, అందు ఈథరు వాసనను గుర్తించెను. ఈథరు మాయను దాటి శిశువును చేరునని నేడు మన మెరుగుదుము.

ఈథరు సులభముగా నిప్పంటుకొనును. అందుచే పెక్కు దేశములలో దాని స్థానమున ఇతర మత్తుమందులు వచ్చినవి. కాని ప్రతి కొత్త మందునుగూర్చియు వైద్యులు నేటికిని ముందుగా వేయు ప్రశ్నలు ఆ రెండే: తల్లికి క్షేమమా? బిడ్డకు క్షేమమా? వాల్టరు వలె లెక్కలు సేకరింపవలెను. స్నో వలె సరియైన చోట వెదకవలెను. ఈ రెండును విద్యార్థులు గ్రహింపదగినవి.