పాత కంప్యూటర్‌లో సౌండ్ రావట్లేదా? ముందు నంబరు చూడండి

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో పది పదిహేనేళ్ల నాటి డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ ఇళ్లలో, ట్యూషన్ గదుల్లో, జిరాక్స్ షాపుల్లో పనిచేస్తూనే ఉన్నాయి. వాటిలో విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు తరచూ మూగబోయేది సౌండే. బొమ్మ వస్తుంది, కీబోర్డు ఆడుతుంది, పాట పెడితే మాత్రం చప్పుడుండదు. సౌండ్ కార్డు పోయిందేమోనని సికింద్రాబాద్ సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాలంటే పోనూ రానూ చాలా దూరం. ఆ ప్రయాణం పెట్టుకునే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

డ్రైవర్ అంటే ఏమిటి?

సీడీ నాణ్యతలో పాట అంటే ఒక్కో స్పీకర్‌కు సెకనుకు 44,100 కొలతలు. ఒక్కో కొలత 2 బైట్లు. రెండు స్పీకర్లకూ కలిపి సెకనుకు 1,76,400 బైట్లు, నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఈ అంకెలన్నిటినీ కరెంటు అలలుగా మార్చేది సౌండ్ చిప్. ఆ చిప్‌తో విండోస్ మాట్లాడేందుకు వీలు కల్పించే చిన్న సాఫ్ట్‌వేరే డ్రైవర్. బోరు మోటారు ఎంత బాగున్నా సరైన స్టార్టర్ లేకపోతే నీళ్లు రావు. మోటారు హెచ్‌పీ చూడకుండా స్టార్టర్ ఎలా కొనమో, చిప్ నంబరు తెలియకుండా డ్రైవర్ కూడా అలాగే ఎక్కించకూడదు.

మా కంప్యూటర్‌కు విడిగా కార్డే లేదు కదా?

ఉండకపోవచ్చు. చాలా డెస్క్‌టాప్‌లలో సౌండ్ చిప్ మదర్‌బోర్డు మీదే ఉంటుంది. వెనకవైపు రంగురంగుల రంధ్రాలు మూడు కనిపిస్తాయి: ఆకుపచ్చ స్పీకర్‌కు, గులాబీ మైక్‌కు, నీలం బయటి టేప్ లాంటి పరికరాలకు. ఫోన్ ఇయర్‌ఫోన్స్ తెచ్చి ఆకుపచ్చదాంట్లో పెట్టి వినండి. సౌండ్ వస్తే లోపం స్పీకర్లదే, డ్రైవర్‌ను ముట్టుకోనక్కర్లేదు. మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపి ఉంటే విండోస్ సౌండ్‌ను మానిటర్‌కే పంపుతూ ఉండొచ్చు. గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు దగ్గరకు వెళ్లి, ప్లేబ్యాక్ పరికరంగా స్పీకర్స్ ఎంచుకోండి.

డ్రైవర్ లోపమని ఎలా తెలుస్తుంది?

మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్‌లోకి వెళ్లి డివైస్ మేనేజర్ తెరవండి. కంప్యూటర్‌లోని భాగాలన్నిటి జాబితా అది. పసుపు గుర్తు పడిన పేరు మీద రెండుసార్లు నొక్కితే కోడ్ కనిపిస్తుంది. కోడ్ 28 అంటే డ్రైవర్ ఎక్కలేదు. కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోతోంది. ఎక్కువసార్లు ఇది సరిపడని డ్రైవర్ వల్ల వస్తుంది. కోడ్ 52 అంటే డ్రైవర్ మీదున్న డిజిటల్ సంతకాన్ని, అంటే తయారీదారు ముద్రను, విండోస్ నిర్ధారించుకోలేకపోయింది.

జాబితాలో సౌండ్ ఊసే లేకపోతే డ్రైవర్‌తో ఏ ప్రయోజనమూ లేదు. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కి బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళ్లి, ఆన్‌బోర్డ్ ఆడియో ఎనేబుల్ అయి ఉందో లేదో చూడాలి.

చిప్ నంబరు ఎక్కడ దొరుకుతుంది?

పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. పొడుగాటి వరుసలో రెండే ముక్కలు చూడండి. వెన్ పక్కనున్నది తయారీదారు నంబరు: 10ఈసీ అయితే రియల్‌టెక్, 1102 అయితే క్రియేటివ్, 1106 అయితే వయా, 8086 అయితే ఇంటెల్. డెవ్ పక్కనున్నది చిప్ నంబరు. 10ఈసీతో పాటు 0662 కనిపిస్తే మీది రియల్‌టెక్ ఏఎల్‌సీ 662, 0887 కనిపిస్తే ఏఎల్‌సీ 887. ఇంకా పాత బోర్డుల్లో 8086 మాత్రమే కనిపించవచ్చు. అప్పుడు క్యాబినెట్ తెరిచి, సౌండ్ రంధ్రాల దగ్గరున్న చిన్న చతురస్రపు చిప్ మీద అచ్చయిన పేరు చదవాలి.

ఏ డ్రైవర్ తెచ్చుకోవాలి?

మదర్‌బోర్డు మీద అచ్చయిన మోడల్ పేరుతో తయారీ కంపెనీ సొంత సైట్‌లోనే వెతకండి. బ్రాండెడ్ కంప్యూటర్ అయితే దాని మోడల్ పేరుతో వెతకండి. అన్ని డ్రైవర్లూ తామే వెతికి ఎక్కిస్తామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్లకండి. వాటితో పాటు అక్కర్లేనివి కూడా దిగుతాయి. డౌన్‌లోడ్ 200 ఎంబీ ఉంటే, రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌లో అది ఏడెనిమిదో వంతు. అందుకే ముందే సరిచూసుకోవాలి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో మీ విండోస్ 32 బిట్టో 64 బిట్టో చూడండి. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు.

సైటే తెరుచుకోకపోతే?

మూలనున్న గడియారంలో తేదీ చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టే. బిళ్లలా ఉండే ఈ 3 వోల్టుల బ్యాటరీ మామూలుగా వంద రూపాయల్లోపే దొరుకుతుంది. తేదీ తప్పుగా ఉంటే సురక్షిత సైట్లు తెరుచుకోవు, బయోస్ సెట్టింగులూ చెరిగిపోవచ్చు.

ఎక్కించే క్రమం

ముందు సిస్టమ్ రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి అదే దారి. పాత సౌండ్ డ్రైవర్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. తర్వాత మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవర్, దాని వెనక సౌండ్ డ్రైవర్, చివర మళ్లీ రీస్టార్ట్. వరుస తప్పితే కొన్ని పాత బోర్డుల్లో సౌండ్ చిప్ కనిపించదు.

ఎంతకీ దొరకకపోతే?

2004లో వచ్చిన హెచ్‌డీ ఆడియో ప్రమాణంతో చేసిన చిప్ అయితే, విండోస్‌లోనే ఉన్న హై డెఫినిషన్ ఆడియో డివైస్ అనే సాధారణ డ్రైవర్‌ను ఎంచుకోవచ్చు. హంగులు తగ్గుతాయి, పాట వినిపిస్తుంది. అంతకు ముందటి, 1997 నాటి ఏసీ 97 రకానికి కొత్త విండోస్‌లో డ్రైవర్ దొరకడం కష్టం. దానితో రోజులు గడపకండి. యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. సాధారణ రకాలకు విడిగా డ్రైవర్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లా గుచ్చితే చాలు.

డ్రైవర్ దొరుకుతుంది కదా అని మరీ పాత విండోస్‌కు వెళ్లాలనుకునేవారు మూడు తేదీలు గుర్తుంచుకోండి. మైక్రోసాఫ్ట్ మద్దతు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మద్దతు ఆగిన వాటిలో పాటలు వినండి, పిల్లలకు టైపింగ్ నేర్పించండి. బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి.

సౌండ్ వచ్చిన రోజే ఇంకొక్క పని చేయండి. ఆ డ్రైవర్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచి, చిప్ నంబరును, విండోస్ రకాన్ని స్టిక్కర్ మీద రాసి క్యాబినెట్ లోపల అంటించండి. ఈసారి ఫార్మాట్ చేయడానికి ఎవరికి ఇచ్చినా ఆ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, స్టిక్కర్ చూడమని చెప్పండి.